పదిహేడో బిళ్ళ

"...మీరు రాశానంటే సరిపోతుందా బాబాయ్ గారూ? కంప్యూటరే చెబుతోంది కదా, నాదని."

"కంప్యూటర్‌కేం తెలుసమ్మా? అదేమన్నా నాతో బస్సెక్కిందా?"

"పేరు చూడండి మరి. ఎవరిదుంది?"

"పేరు నీదే ఉంది. రాత నాది. నూట నలభై రెండు పేజీలు. రెండే రెండు వేళ్ళతో కొట్టాను."

లైబ్రరీ కంప్యూటర్ గదిలో గొంతు లేవడం అరుదు. పన్నెండు కుర్చీల్లో ఉన్నవాళ్ళూ తెరల మీద నుంచి కళ్ళు తీసి, చూడనట్టు చూశారు. ప్రింటర్‌లో కాగితాలు సర్దుతున్న బిళ్ళలక్క ఆ కట్ట అక్కడే వదిలేసి వచ్చేసరికి, కండక్టర్ గారు చేతికర్ర బల్లకి ఆనించి, ఫిర్యాదుల పుస్తకం ఎక్కడుంటుందని కనపడినవాళ్ళనల్లా అడుగుతున్నారు.

కండక్టర్ గారంటే సిటీ బస్సులో ముప్పై మూడేళ్ళు టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. మోకాలి ఆపరేషన్ చేయించుకుని, ఐదు నెలల తరవాత ఆ రోజే వచ్చి, పాత అకౌంట్ తీసేశారంటే కొత్తది చేయించుకున్నారు. ఆయనతో వాదిస్తున్నది వీధి చివర బట్టలు కుట్టే షాపులో పనిచేసే అమ్మాయి. టైపిస్టు ఉద్యోగానికి వెళ్ళాలని, మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చి టైపింగ్ నేర్చుకుంటుంది. ఇద్దరూ వేలు పెట్టి చూపిస్తున్నది ఒకే ఫైలు. బస్సులో తారసపడ్డ మనుషుల గురించి ఆయన రాసుకున్న పుస్తకం అది. ఇప్పుడు దాన్ని చదవడం ఆయనకి కుదురుతోంది గాని, ఒక్క అక్షరం కలపడం కుదరడం లేదు. యజమాని పేరుండే చోట కుట్టుపని అమ్మాయి పేరుంది.

బిళ్ళలక్క వంగి చూసింది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూసింది. ఒక్క రోజు టైమివ్వమనీ, రేపు పన్నెండున్నరకి ఇద్దరూ వస్తే ఫిర్యాదుల పుస్తకం తనే తెచ్చి బల్ల మీద పెడతాననీ చెప్పింది.

"రేపంటే రేపే. నేను టైముకి వచ్చే మనిషిని" అన్నారు కండక్టర్ గారు.

"సిటీ బస్సు టైమా బాబాయ్ గారూ?" అంది అమ్మాయి, తెర వైపు చూస్తూనే.

ఆ పుస్తకంలో ఒక్క ఫిర్యాదు పడితే ఏమవుతుందో ఆ గదిలో అందరికన్నా బిళ్ళలక్కకే బాగా తెలుసు. గది అప్పగించేటప్పుడు లైబ్రేరియన్ మేడమ్ చెప్పిన మాట ఒకటే. ఏడాది చూస్తాం, ఫిర్యాదు వస్తే మళ్ళీ మీ కౌంటర్ మీకు. ఏడాది నిండడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. కింద గుమ్మం పక్కన, సంచుల కౌంటర్‌లో ఆవిడ స్టూలు ఇంకా అలాగే ఉంది. అక్కడికి ఎవరినీ వెయ్యలేదు. పత్రికల విభాగం అటెండరు తన పనితో పాటు ఆ పనీ చూస్తూ, మెట్ల మీద ఎదురైనప్పుడల్లా "అక్కా, ఎప్పుడు దిగొస్తావు?" అని అడుగుతాడు.

ఆ స్టూలు మీద ఆవిడ ఇరవై ఆరేళ్ళు కూర్చుంది. లైబ్రరీలోకి సంచులు తేకూడదు. సంచి ఇస్తే ఇత్తడి బిళ్ళ ఇచ్చేది, బిళ్ళ ఇస్తే సంచి ఇచ్చేది. గోడకి చెక్క పలక, పలకకి అరవై కొక్కేలు, కొక్కేలకి అరవై బిళ్ళలు. అన్నేళ్ళలో ఒక్క బిళ్ళ పోలేదు. ముప్పై నాలుగో బిళ్ళని జేబులో వేసుకుని వెళ్ళిపోయిన లెక్కల మాస్టారి ఇంటికి రెండు బస్సులు మారి వెళ్ళి, ఆయన నిద్ర లేచేదాకా అరుగు మీద కూర్చుని తెచ్చుకుంది. సాయంత్రం పలక మీద ఖాళీ కొక్కెం కనపడితే ఆ పూట ఆవిడకి అన్నం సయించేది కాదు. బిళ్ళలక్క అన్న పేరు అలా వచ్చిందే. అసలు పేరు జీతాల రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా వినపడదు.

మేడ మీద కంప్యూటర్ గదిలో అప్పట్లో అందరూ ఒకే పేరు కొట్టి లోపలికి వెళ్ళేవారు. ఒకరి ఉత్తరం ఇంకొకరు చెరిపేసేవారు. పాల డిపో ఆయన రాసుకున్న వాడుకదారుల జాబితా మధ్యలో ఎవరో ప్రేమలేఖ మొదలుపెట్టి, మూడు వాక్యాల తరవాత ధైర్యం చాలక వదిలేశారు. పాత ఆపరేటర్ మానేశాక, కొత్త యంత్రం బిగించడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. ఇకనుంచి ఎవరి అకౌంట్ వాళ్ళకి ఉండాలని, ఎవరి పేరు, ఎవరి పాస్‌వర్డ్, ఎవరి చోటు వాళ్ళవని చెప్పి, అకౌంట్లు చేసే పని ఎవరు నేర్చుకుంటారని అడిగాడు. సిబ్బంది అంతా ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ బిళ్ళలక్క, సంచి తీసుకుని బిళ్ళ ఇవ్వడమేనా అని అడిగింది. దాదాపు అంతే అన్నాడు ఇంజనీరు.

ఆ 'దాదాపు'ని ఆవిడ అప్పుడు పట్టించుకోలేదు.

రెండు మధ్యాహ్నాల్లో నేర్చుకుంది. నల్ల తెర మీద, కొత్త మనిషిని చేర్చు అనే అర్థమొచ్చే మాట ఒకటి కొడితే చాలు, యంత్రం వరసగా ప్రశ్నలు అడుగుతుంది. లోపలికి వచ్చే పేరేమిటి? పూర్తి పేరేమిటి? నంబరెంత? ఇంకే గుంపులోకైనా పిలవాలా? ఇల్లెక్కడ? ఆవిడ అవసరమనిపించిన ప్రశ్నలు పైకి చదివి, వచ్చిన మనిషి చెప్పిన జవాబు కొట్టేది. ఇల్లంటే యంత్రంలో ఎవరి ఫైళ్ళు వాళ్ళు పెట్టుకునే చోటు. దానికి వాళ్ళ పేరే ఉంటుంది. మార్కెట్ వాచ్‌మన్ తన పేరుతో ఇల్లు లేవడం చూసి, "అద్దె లేదు కదక్కా?" అని రెండుసార్లు అడిగి, లేదని తేలాక కుర్చీలో వెనక్కి వాలాడు.

పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద ఏమీ పడదు. రిటైరైన హెడ్మాస్టరు కీబోర్డు చెడిపోయిందనుకుని ఒకే అక్షరాన్ని పదకొండు సార్లు పొడిచారు. కనపడకపోవడమే దాని పని అని ఆవిడ చెప్పాల్సి వచ్చింది. ఎవరు పాస్‌వర్డ్ కొడుతున్నా బిళ్ళలక్క కుర్చీ గోడ వైపు తిప్పుకుంటుంది. ఆ గోడ మీద కూర్చున్న కోడిలాంటి చెమ్మ మచ్చ ఒకటుంది. అరవై ముగ్గురు పాస్‌వర్డ్‌లు పెట్టుకునేసరికి ఆ కోడి ఈకలు కూడా ఆవిడకి కంఠతా వచ్చాయి. అంతా అయ్యాక యంత్రం రాసుకున్నవన్నీ చూపించి, సరేనా అంటుంది. ఆ సరే మాత్రం ఆవిడ కొట్టేది కాదు. ఎవరి సరే వాళ్ళ చేతే కొట్టించేది. అప్పుడు యంత్రం, ఇంకొకరిని చేర్చాలా అని అడిగేది. ఆ ప్రశ్న ఆవిడకి ఎంత నచ్చిందంటే, లేరు అని కొట్టే ముందు ఒకసారి తలుపు వైపు చూసేది.

గొడవ జరిగిన రోజు సాయంత్రం, గదికి తాళం వేసే ముందు, బిళ్ళలక్క సొరుగులోంచి తన నోటుబుక్కు తీసింది.

మనుషులకి పేరు ముఖ్యం గాని, యంత్రానికి నంబరే ముఖ్యం. వెయ్యి నుంచి మొదలుపెట్టి ప్రతి అకౌంట్‌కీ ఒక నంబరు వేస్తుంది. ఫైలు ఎవరిదన్న చోట అది పేరు రాసుకోదు, నంబరు రాసుకుంటుంది. ఎవరైనా అడిగినప్పుడు, ఆ నంబరు ఇవాళ ఎవరి దగ్గరుందో చూసి ఆ పేరు చెబుతుంది. ఇదంతా ఇంజనీరు చెప్పాడు. నంబరడిగే చోట ఏమీ కొట్టొద్దు, అదే వేసుకుంటుందని కూడా చెప్పాడు. మొదట్లో ఆవిడ అలాగే వదిలేసేది. కానీ మూడు నెలలు రానివాళ్ళ అకౌంట్ తీసెయ్యాలని లైబ్రరీ నియమం. తీసిన చోట నంబరు ఖాళీ పడేది. యంత్రం వెనక్కి చూడకుండా తరవాతి నంబరుకి వెళ్ళిపోయేది. నోటుబుక్కులో ఆ ఖాళీ గీత, పలక మీద బిళ్ళ లేని కొక్కెంలా ఆవిడ కంటికి గుచ్చుకునేది. పాత బిళ్ళ ఊరికే పడి ఉండగా కొత్త బిళ్ళ చేయించడమేమిటని, ఖాళీ పడ్డ నంబర్లు తనే కొట్టడం మొదలుపెట్టింది.

వెయ్యీ పదిహేడుకి, అంటే ఆవిడ లెక్కలో పదిహేడో బిళ్ళకి, ఎదురుగా కండక్టర్ గారి పేరు కొట్టేసి ఉంది. దాని కింద, గుండ్రంగా తన చేతిరాతలోనే, కుట్టుపని అమ్మాయి పేరుంది.

కండక్టర్ గారి అకౌంట్ తీసేటప్పుడు యంత్రం, ఇల్లు కూడా ఖాళీ చేయించాలా అని అడిగింది. బిళ్ళలక్క చేయించింది. అయితే పుస్తకం ఆయన ఇంట్లో లేదు. నలుగురూ చదవాలని ఆయన దాన్ని ఉమ్మడి అరలో పెట్టారు. ఆ అర తెరిచి ఎవరైనా చదవచ్చు, సొంతదారు తప్ప ఎవరూ దిద్దడానికి లేదు. పుస్తకం అక్కడే పదిహేడో నంబరు మెడలో వేసుకుని కూర్చుంది. ఆ నంబరు అమ్మాయికి ఇచ్చిన రోజున అమ్మాయిదైపోయింది. టైపింగ్ పాఠం ఉమ్మడి అరలో ఉంటుందని అమ్మాయికి చెప్పింది కూడా తనే. అరలో తన పేరున్న ఫైలు ఒక్కటే కనపడితే, అదే పాఠం అనుకోక ఏమనుకుంటుంది?

బిళ్ళలక్క ఉండే ఇల్లు రెండు గదులూ, మధ్యలో ఒక మంచం పట్టేంత నడవా. నడవాలో మంచం అత్తగారిది. భర్త ఇళ్ళకి రంగులు వేస్తాడు. ఆ సాయంత్రం చేతుల మీద ఆకుపచ్చ మరకలు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ సంగతంతా విన్నాడు. విని, చెరో కాపీ ఇచ్చేసి, యంత్రంలో ఏదో తేడా వచ్చిందని చెప్పి ఊరుకోమన్నాడు. పదకొండు రోజులే కదా అన్నాడు.

"వీడంతే. గోడ పగిలితే పైన రంగేస్తాడు" అంది అత్తగారు మంచం మీద నుంచి. ఆవిడ ఆసుపత్రి వార్డులో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసింది. కోడల్ని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. "పదిహేడో మంచం పేషెంట్ ఇంటికెళ్ళాడనుకో. కొత్తవాణ్ణి పడుకోబెట్టే ముందు ఏం చెయ్యాలే?"

"దుప్పటి మార్చాలి అత్తయ్యా."

"దుప్పటి ఎవరైనా మారుస్తారు. మంచం పక్కనున్న అర తెరిచి చూడాలి. ఒకసారి నేను చూడలేదు. కొత్తగా వచ్చినాయన, పాతాయన కట్టుడు పళ్ళు పెట్టుకుని భోంచేశాడు."

బిళ్ళలక్కకి పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వొచ్చింది. మరి ఏం చేశారని అడిగింది.

"హెడ్ నర్సుకి నేనే వెళ్ళి చెప్పాను. ఇంకెవరు చెబుతారే, పళ్ళు చెబుతాయా?"

మర్నాడు కండక్టర్ గారు పన్నెండూ ఇరవైకే వచ్చి కూర్చున్నారు. కుట్టుపని అమ్మాయి చేతికి అంటుకున్న దారప్పోగులు దులుపుకుంటూ పన్నెండున్నరకి వచ్చింది. బల్ల మీద ఒక పక్క ఫిర్యాదుల పుస్తకం, ఇంకో పక్క నోటుబుక్కు ఉన్నాయి. బిళ్ళలక్క నోటుబుక్కు తెరిచి, కొట్టేసిన పేరు మీదా దాని కింద పేరు మీదా వేలు పెట్టి, జరిగింది చెప్పింది. తప్పు అమ్మాయిది కాదనీ, యంత్రానిది అసలే కాదనీ, ఇరవై ఆరేళ్ళ బిళ్ళల అలవాటు తన చేత చేయించిందనీ చెప్పింది.

కండక్టర్ గారు కొట్టేసిన తన పేరు చూశారు. జేబులోంచి పెన్ను తీసి ఫిర్యాదుల పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. రాసే ముందు ఒక్కటి తెలియాలన్నారు. ఈ రెండు నెలల్లో ఈ అమ్మాయి తన రాతనేం చేసింది?

అమ్మాయి దాచలేదు. పాఠం అనుకుని రోజుకి రెండేసి పేజీలు దిద్దుకుంటూ వచ్చానంది.

"దిద్దావా? ఏముందమ్మా దిద్దడానికి?"

"మీ వాక్యానికి స్టాపే లేదు బాబాయ్ గారూ. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే ఉన్నారు, దిగే చోటు లేదు. ఊపిరాడక నేనే ఆపాను అక్కడక్కడ."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. కండక్టర్ గారు పెన్ను మూత తీశారు. దిద్దడం ఒక్కటేనా అని అడిగారు. అమ్మాయి తల వంచుకుని, ఎనభై ఎనిమిదో పేజీ తరవాత తొమ్మిది పేజీలు కలిపానని చెప్పింది. నిన్న అంత పట్టు పట్టింది అందుకే. ఫైలు ఆయన చేతికి వెళ్ళిపోతే ఆ తొమ్మిదీ తీసి పారేస్తారేమోనని భయపడింది.

ఎనభై ఎనిమిదో పేజీలో ఉన్నది చేతి కుట్టుమిషన్ ఎత్తుకుని బస్సెక్కిన ఒకావిడ సంగతి. మిషన్‌కి లగేజీ టికెట్ తీసుకోవాల్సిందేనని కండక్టర్ గారు పట్టుబట్టారు. తీసుకుంది. టికెట్ తీసుకున్నాక సీటు దానిదేనని, మిషన్‌ని కిటికీ పక్క కూర్చోబెట్టి, తను నిలబడి ప్రయాణం చేసింది. లేవదియ్యమన్న ప్రతివాళ్ళకీ టికెట్ చూపించింది. బట్టల మార్కెట్ దగ్గర దిగింది. తరవాత ఆవిడ ఏమైందో తెలియదు అని రాసి ఆయన వదిలేశారు.

"ఆవిడ మా ఓనరమ్మ" అంది అమ్మాయి.

ఆ పేజీ చదివిన రోజు షాపుకి వెళ్ళి అడిగిందట. ఓనరమ్మ పాత మిషన్ సొరుగు లాగి, దారపుండల కింద నుంచి రంగు వెలిసిన టికెట్ ముక్క తీసి చూపించిందట. ఆ మిషన్ మీద మొదట కుట్టిందేమిటో, దిగిన చోట షాపెలా పెట్టిందో, ఇప్పుడు ఎన్ని మిషన్లున్నాయో, ఓనరమ్మ చెప్పిందంతా అమ్మాయి భోజనం మానేసి టైపు చేసింది.

కండక్టర్ గారు పెన్ను బల్ల మీద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, తెర ముందుకి జరిగారు. తొమ్మిది పేజీలూ చదివారు. బిళ్ళలక్క నిలబడే ఉంది. చివరి పేజీలో ఒక చోట ఆయన ఆగి, పైకి చదివారు.

"'ఆ కండక్టర్ ఎలాంటి మనిషని అడిగాను. మంచివాడే గాని వట్టి నస మనిషి అని ఓనరమ్మ చెప్పింది.'"

అమ్మాయి కుర్చీలో ఇంకొంచెం కిందికి జారింది. కండక్టర్ గారి భుజాలు ముందు కదిలాయి, తరవాత నవ్వు వచ్చింది. నవ్వీ నవ్వీ, చేతికర్ర జారి కింద పడితే, హెడ్మాస్టరు లేచి అందించాల్సి వచ్చింది. "మా ఆవిడా అదే అంటుంది. ఇద్దరు సాక్షులైపోయారు" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

పదిహేడో నంబరు మళ్ళీ ఆయనకే ఇచ్చి అమ్మాయికి వేరేది చేస్తానని బిళ్ళలక్క చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు.

"సీట్లో కూర్చున్నవాళ్ళని లేపడం నా సర్వీసులో లేదు. ఆ అమ్మాయిని ఉండనివ్వండి. నాకు నిలబడే చోటు చాలు, ఇద్దరం రాసుకునేట్టు ఏదైనా ఉందా?"

ఉంది. ఏడాదిగా ప్రతి మనిషికీ యంత్రం అడుగుతూనే ఉంది, ఇంకే గుంపులోకైనా పిలవాలా అని. అరవై ముగ్గురికీ ఆవిడ ఆ ప్రశ్న దాటేసింది. ముందు 'బస్సు' అనే పేరుతో ఒక గుంపు చేసింది. అమ్మాయిని అందులోకి చేర్చింది. పుస్తకాన్ని ఆ గుంపుకి అప్పగించి, గుంపులో ఎవరైనా రాయచ్చని యంత్రానికి చెప్పింది. నిన్న చేసిన కండక్టర్ గారి అకౌంట్‌లో ఇంకా ఏమీ లేదు గనక, అది తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి తీసే ముందు ఉమ్మడి అర తెరిచి చూసింది. నంబరు అడిగిన చోట ఆవిడ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఏమీ కొట్టకుండా దాటింది. గుంపు ప్రశ్న రాగానే పైకి చదివి, జవాబు ఆయన్నే చెప్పమంది. బస్సు అన్నారాయన. పాస్‌వర్డ్ దగ్గర ఆవిడ కోడి వైపు తిరిగింది. అమ్మాయి కూడా తిరిగింది.

"సరే మీరే కొట్టండి" అంది బిళ్ళలక్క. ఆయన రెండు వేళ్ళలో పెద్దదానితో కొట్టారు. ఇంకొకరిని చేర్చాలా అని యంత్రం అడిగింది.

ఒంటిగంటన్నర దాటినా అమ్మాయి షాపుకి వెళ్ళలేదు. ఎనభై తొమ్మిదో పేజీలో ఒక స్టాపు ఉంచాలా తియ్యాలా అని ఇద్దరూ మళ్ళీ వాదించుకుంటున్నారు. కండక్టర్ గారు ఫిర్యాదుల పుస్తకాన్ని మోచేత్తో పక్కకి నెట్టేశారు. ఎదురుగా ఉన్న పేజీ తెల్లగానే ఉంది.

బిళ్ళలక్క దాన్ని తన బల్ల మీదికి తీసుకెళ్ళింది. ఆయన వదిలేసిన పెన్నుతోనే తేదీ వేసి, ఫిర్యాదు ఎవరి మీద అన్న చోట తన అసలు పేరు రాసింది. ఎవరు ఇస్తున్నారన్న చోటా అదే రాసింది. ఒక పాఠకుడి అకౌంట్ తీశాక ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వడం వల్ల ఆయన పుస్తకం వేరొకరి పేరు మీదికి వెళ్ళిందనీ, ఇవాళ సరిచేశాననీ, ఇలా మళ్ళీ వాడిన నంబర్లు మొత్తం ఐదనీ, మిగతా నాలుగింటి కింద ఉమ్మడి అరలో ఏమీ లేదని చూసుకున్నాననీ నాలుగు వరసలు రాసి, మెట్లు దిగింది.

లైబ్రేరియన్ మేడమ్ తక్కువ మాట్లాడే మనిషి. పుస్తకం తీసుకుని నాలుగు వరసలూ చదివింది. రెండు పేర్లూ ఒకటే ఎందుకున్నాయని అడగలేదు. నంబరడిగితే ఇకనుంచి ఏం చేస్తారని అడిగింది. ఖాళీగా వదిలేస్తానని బిళ్ళలక్క చెప్పింది. పలక సంగతి తెలిసిన మేడమ్, ఖాళీలు కంటికి గుచ్చుకోవా అని అడిగింది. గుచ్చుకుంటాయని చెప్పింది.

మేడమ్ ఆ పేజీ కింద సంతకం పెట్టి, పుస్తకం మూసింది. గుమ్మం పక్కన సంచుల కౌంటర్‌లో ఉన్న అటెండరుని లోపలికి పిలిచింది. అతను బిళ్ళలక్కనీ, ఫిర్యాదుల పుస్తకాన్నీ మార్చి మార్చి చూస్తూ వచ్చి నిలబడ్డాడు.

"సంచుల కౌంటర్‌కి కొత్త మనిషిని వేస్తున్నాం" అంది మేడమ్. "సోమవారం నుంచి వస్తారు. ఆ స్టూలు తుడిపించి పెట్టండి."